రెండు మజిలీల దూరం

పోయినవారం మనం ఖాజీ పతావరిగారిని తెన్రి ఇంటి వసారాలో కూర్చోబెట్టి, ఆయన అడిగినదానికి జవాబు చెప్పకుండానే వచ్చేశాం. పాపం ఆయన ఇంకా అక్కడే కూర్చున్నాడు. తెల్లారితే పెళ్ళి. పెరట్లో డేగిశాలు పొయ్యెక్కాయి. మాంసం ఉడుకుతున్న వాసన సందు చివరిదాకా పోతోంది. సాయంత్రం పెద్దలు వచ్చి పెళ్ళికూతురి అరచేతుల్లో పెట్టాల్సిన గోరింటాకు లోపలి గదిలో గిన్నెలో సిద్ధంగా ఉంది. ఇన్ని సమకూరినా, నిఖాకి కావలసిన ఒక్క మనిషి మాత్రం సమకూరలేదు.

"రేపు పిల్ల చెయ్యి ఇచ్చేదెవరమ్మా?" అన్నాడాయన రెండోసారి. సందు మసీదుకి ఇమాం కూడా ఆయనే.

తెన్రికి తండ్రి లేడు, తాత లేడు. ఉన్నదల్లా ఒక్క అన్న, ఉపే. తండ్రి లేని పిల్లకి అన్నే వలీ. అతను నోరు తెరిచి 'ఇస్తున్నాను' అంటేనే పెళ్ళి. ఆ అన్న జయపుర వెళ్ళి బట్టలకొట్టు పెట్టుకుని చాలాకాలమైంది. మూడేళ్ళ కిందట తల్లి పోయినప్పటినుంచీ అతను ఇక్కడికి, మక్కాసర్‌కి, ఫోన్ చెయ్యలేదు, వీళ్ళు చేస్తే ఎత్తలేదు. నెల కిందట తెన్రి తన పెళ్ళి సంగతి రాసి పంపింది. చదివినట్టు రెండు నీలం గీతలు పడ్డాయి. ఆ తర్వాత ఏమీ లేదు.

"దూరాన ఉన్నాడు ఇమాంగారూ," అంది బెచ్చె మేనత్త, అరటాకు పొట్లాలు కడుతున్న చేతులు ఆపకుండానే. తెన్రి తండ్రికి అక్క ఆవిడ. తెన్రి తల్లి మంచాన పడ్డప్పుడు ఈ ఇంటికొచ్చింది, పోయాక ఉండిపోయింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని సందంతా అంటారు. ఆవిడ ఎదురుగా మాత్రం ఎవరూ అనరు.

"దూరమంటే ఎంత దూరం?"

"జయపురండీ. ఈ దీవుల దేశానికి ఆ చివర. ఇంకో అడుగేస్తే పరాయిదేశమే. వలీ రెండు మజిలీల అవతల ఉంటే ఆ చోట ఖాజీ కూర్చోవచ్చని మా నాన్న చెప్పేవాడు. మీరే కూర్చోండి, మాకు సమ్మతమే."

ఖాజీ నవ్వాడు. "మీ నాన్నకి కితాబు బాగానే వచ్చు. రెండు మజిలీలంటే నడిచేవాడికి రెండు రోజుల దారి, బెచ్చెమ్మా. ఆ లెక్క కట్టినవాళ్ళ దగ్గర ఒంటెలున్నాయి. విమానాలు లేవు."

"అయితే ఒంటె లెక్కే కట్టండి. మేమేం కాదనం."

కొబ్బరి తురుముతున్న ఆడవాళ్ళు గొల్లున నవ్వారు. తెన్రి కూడా నవ్వబోయి ఆగిపోయింది, ఖాజీ తనవైపు తిరిగాడు కాబట్టి.

"విమానం టిక్కెట్లు అమ్మే పిల్లవి నువ్వు. నువ్వు చెప్పు. జయపుర ఎంత దూరం?"

ఈ ప్రశ్నకి జవాబు చెప్పే తెన్రి అన్నం తింటోంది. నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. "రెండువేల మూడువందల కిలోమీటర్ల పైమాటే ఇమాంగారూ. ఓడలో అయితే నాలుగైదు రోజులు. విమానంలో మూడున్నర గంటలు."

"మూడున్నర గంటలు," అన్నాడు ఖాజీ. "మా అల్లుడు తొరాజా కొండలమీంచి బస్సులో దిగి రావడానికి ఎనిమిది గంటలు పడుతుంది. రేపు వాడు వస్తాడు, మీ ఇంట్లో కడుపునిండా తింటాడు. మరి వీళ్ళిద్దరిలో దూరం ఎవరు?"

"మీ అల్లుడు పిలిస్తే పలుకుతాడు కదండీ," అంది అత్త టక్కున. "పలకనివాడు పక్కగదిలో ఉన్నా దూరమే."

ఖాజీ టోపీ తీసి, తల తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "సరే, మూడింటి అసర్ నమాజుకి సిబాలి దగ్గేలోపు ఇది తేల్చేద్దాం," అన్నాడు. సిబాలి తాత సందు మొగలో మసీదు మువజ్జిన్. మైకు ముందు మూడుసార్లు గట్టిగా దగ్గి గొంతు సవరించుకోనిదే ఆయన అజాన్ ఎత్తడు. ఆ దగ్గు విని పొయ్యిమీద కాఫీ దించుకునే ఇళ్ళు కూడా ఉన్నాయి ఆ సందులో.

"కితాబు ప్రకారం నేను కూర్చోవచ్చు," అన్నాడు ఖాజీ. "కూర్చోనని అనడం లేదు. కాకపోతే ఒక మాట పిల్ల తన నోటితో అనాలి. మా అన్న దూరంలో ఉన్నాడు, రాలేడు, మీరు కూర్చోండి, అని. అత్త అంటే చెల్లదు."

తెన్రికి ఈ పెళ్ళి కావాలి. అందులో దాపరికమేమీ లేదు. జుఫ్రి రేవులో క్రేను నడుపుతాడు, ఎక్కువ మాట్లాడడు, తెన్రి మాట్లాడితే వింటాడు. ముప్ఫైరెండేళ్ళ వయసులో ఆమెకి అంతకంటే పెద్ద గుణాలు అక్కర్లేదు. రేపు పొద్దు ఎక్కుతుండగానే మగపెళ్ళివారి ఊరేగింపు గుమ్మంలోకి వస్తుంది. వలీ ఎవరో తేలక ఆ ఊరేగింపు వచ్చినదారినే పోయిందా, రెండు కుటుంబాల పరువూ సముద్రంలో కలుస్తుంది. ఆ తర్వాత జుఫ్రి పెద్దలు ఈ ఇంటి పేరెత్తరు. అందుకని ఆమె ఆ మాట అనడానికే నోరు తెరిచింది.

"ఉండు," అన్నాడు ఖాజీ. "అనేముందు ఒకటి విను. ఇది నేను చెప్పకూడని మాట. చెప్పొద్దని మీ అన్న అడిగాడు, మూడేళ్ళు కడుపులో పెట్టుకున్నాను. కానీ రేపు అతని చోట్లో నేను కూర్చోవాలంటే నీకు తెలియకుండా కూర్చోలేను."

పొట్లం కడుతున్న అత్త చేతులు ఆగాయి.

"మీ అమ్మని మట్టిలో పెట్టిన రోజు. నమాజు నేనే చదివించాను కదా. అందరూ వెళ్ళిపోయారు. మధ్యాహ్నం పన్నెండు, జుహర్ అజాన్ అవుతోంది, నేను మసీదుకి పోదామని ఖబరస్తాన్ గేటు దాటబోతుంటే ఒకతను ఎదురొచ్చాడు. భుజాన సంచీ. దానికి విమానంవాళ్ళు కట్టిన కాగితం ఇంకా వేళ్ళాడుతోంది. మట్టి ఇంకా తడిగానే ఉంది. దాని పక్కన కూర్చుని, 'ఇమాంగారూ, అంత దూరంలో ఉన్నానా నేను?' అన్నాడు. నేను ఇంటికి రమ్మన్నాను. రాలేదు. మళ్ళీ ఎయిర్‌పోర్టుకే పోయాడు."

తెన్రి తల అడ్డంగా ఊపింది. "రాలేదు ఇమాంగారూ," అంది. అన్నని ఆమె చిన్నప్పటినుంచీ దాయెంగ్ అనే పిలుస్తుంది. "దాయెంగ్ ఆ రోజు రాలేదు. వచ్చేసరికి ఆలస్యమవుతుందని విమానం ఎక్కకుండానే ఆగిపోయాడని అనుకున్నాం. వచ్చినా జుహర్‌కి అందుకునేవాడు కాదు. పన్నెండున్నరకి దిగుతానన్నాడు. నాతోనే అన్నాడు. విమానం ఎక్కబోతూ చేశాడు. దిగి, ఎయిర్‌పోర్టునుంచి ఇక్కడికి వచ్చేసరికి ఒంటిగంట దాటుతుంది. జుహర్ లోపలే పెట్టెయ్యాలని పెద్దలన్నారు, అందుకే ఆగలేదు."

"నేను చూసింది జుహర్ అజాన్ వేళ," అన్నాడు ఖాజీ. "అది మర్చిపోయే సంగతి కాదు."

"పన్నెండున్నరకి దిగేవాడు పన్నెండింటికి ఖబరస్తాన్‌లో ఎలా ఉంటాడండీ?"

ఆ మాట తన నోట్లోంచి వస్తుండగానే తెన్రికి తెలిసిపోయింది.

ఈ దేశంలో మూడు గడియారాలున్నాయి. జయపుర గడియారం మక్కాసర్‌కంటే గంట ముందు నడుస్తుంది. ఎవరు ఫోన్ చేసి ఎన్ని గంటలకని చెప్పినా, 'ఇక్కడి గంటా, అక్కడి గంటా?' అని అడగడం చంటిపిల్లలకి కూడా అలవాటు. తెన్రి అయితే కిటికీ ముందు నిలబడ్డ ప్రతివాడికీ టిక్కెట్టు చేతిలో పెడుతూ చెబుతుంది: ఎక్కే గంట ఎక్కే ఊరిది, దిగే గంట దిగే ఊరిది, కలిపి చూసుకోకండి, మోసపోతారు. ఏళ్ళ తరబడి ఊరందరికీ చెప్పిన మనిషి, తల్లి శవం పక్కన కూర్చుని ఉన్న ఆ పొద్దున, తన అన్నని ఆ ఒక్క ప్రశ్న అడగలేదు.

ఉపే ఆ రోజు జయపుర ఎయిర్‌పోర్టులో నిలబడి తన చేతి వాచీ చూసుకుని ఉంటాడు. ఇప్పుడు తొమ్మిది, మూడున్నర గంటల ప్రయాణం, పన్నెండున్నర. ఏడుస్తున్నవాడు ఇంకేం లెక్క కడతాడు? అతని తొమ్మిది ఇక్కడి ఎనిమిది. అతను దిగింది పదకొండున్నరకి. జుహర్ నమాజు కాగానే పెట్టుకుందామని ఎవరైనా ఒక్కమాట అనుంటే, కొడుకు తన చేతులతో తల్లిని దించేవాడు. పెద్దలు ఆగమంటే ఆగేవాళ్ళే. వాళ్ళకి తప్పు గంట చెప్పింది తెన్రి.

ఆమెకి ఏడుపు రాలేదు. వసారా స్తంభం పట్టుకుని నిలబడింది.

"ఎప్పటివో సంగతులు ఇప్పుడెందుకండీ?" అంది అత్త గట్టిగా. "గోరుచుట్టుమీద రోకటిపోటు. పెళ్ళి ఇంట్లో చావుమాటలేంటి? తెన్రీ, ఇమాంగారు అడిగిందానికి జవాబు చెప్పు. అన్న దూరంలో ఉన్నాడు. అంతే కదా, చెప్పెయ్యి."

"చెప్పను."

"ఏమన్నావ్?"

"ఒకసారి దూరమన్నాం అత్తా. రెండోసారి అనలేను." తెన్రి లుంగీ అంచుకి చెయ్యి తుడుచుకుని ఫోన్ తీసింది.

"వాడు ఎత్తడే! ఎత్తినా నాలుగు మాటలని పెడతాడు. ఒద్దంటే? వలీ నోటితో ఒద్దంటే ఇక ఇమాంగారు కూడా కూర్చోలేరు. అప్పుడేం చేస్తావ్? రేపు జుఫ్రి వాళ్ళ మొహం ఎలా చూస్తావ్? ఉన్నది ఊడగొట్టుకుంటావా?"

అత్త భయంలో అబద్ధం లేదు. ఖాజీ కూడా తలూపాడు. "ఆవిడ చెప్పింది నిజమే తెన్రీ. అడక్కపోతే నేను కూర్చోవచ్చు. అడిగాక అతను కాదంటే నా చేతులు కట్టేసినట్టే. ఆపైన కోర్టు, నెలలు. ఆలోచించుకో."

తెన్రి ఎక్కువసేపు ఆలోచించలేదు. ఎక్కువ ఆలోచిస్తే ఆ పని చెయ్యలేనని ఆమెకి తెలుసు. నంబరు నొక్కింది.

"స్పీకర్ పెట్టు," అన్నాడు ఖాజీ. "వలీ మాట నేను వినాలి."

ఫోన్ మోగుతూనే ఉంది. కొబ్బరి తురిమే చప్పుడు ఆగిపోయింది. ఇక ఎత్తడనుకుని అత్త నిట్టూర్చబోతుంటే అవతల ఎత్తారు.

"దాయెంగ్," అంది తెన్రి. "నేను. తెన్రిని."

"తెలుసు. పేరు పడుతుందిగా."

మూడేళ్ళయినా తన పేరు చెరిపెయ్యలేదన్నమాట.

"అన్నం తిన్నావా?" అన్నాడు ఉపే.

"ఊఁ."

"అబద్ధం. చిన్నప్పటినుంచీ ఇంట్లో చుట్టాలుంటే నువ్వు తినవు. పెళ్ళికూతురు పస్తుండకూడదు."

"దాయెంగ్, ఇమాంగారు చెప్పారు. ఆ రోజు నువ్వు అమ్మ దగ్గరికి వచ్చావట."

"చెప్పొద్దన్నాను ఆయనకి."

"దాయెంగ్, ఆ రోజు నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను..."

అంతలో దగ్గు వినిపించింది. ఒకటి, రెండు, మూడు. సందు మొగలో సిబాలి తాత మైకు ముందు గొంతు సవరించుకుంటున్నాడు. తెన్రి నోరు మూసుకుంది. అజాన్ అవుతుండగా ఎవరూ మాట్లాడరు. ఖాజీ తల దించుకున్నాడు.

ఒక్క క్షణం తర్వాత, తెన్రి చేతిలోని ఫోన్‌లోంచి, అదే దగ్గు మళ్ళీ వచ్చింది. ఒకటి, రెండు, మూడు.

ఆ తర్వాత అజాన్. వీధిలోంచి ఒకసారి, ఫోన్‌లోంచి కాస్త వెనగ్గా ఇంకోసారి, ఒకే ముసలి గొంతు. జయపురలో ఈపాటికి అసర్ అయిపోయి గంట దాటింది. అది అక్కడి అజాన్ అయ్యే వీల్లేదు. వసారాలో ఉన్నవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారే గానీ ఒక్కరూ పెదవి కదపలేదు. అజాన్ అయ్యేదాకా అలాగే కూర్చున్నారు. తెన్రికి తన జన్మలో అంత పొడుగు అజాన్ వినలేదనిపించింది.

అయ్యాక, ముందు మాట్లాడింది ఖాజీ.

"రెండు మజిలీలు కాదమ్మా," అన్నాడు. "రెండు సందులు కూడా లేవు. ఇక నేను కూర్చోవడమనే మాటే లేదు. ఏ కితాబూ ఒప్పుకోదు. అతనిస్తేనే రేపు పెళ్ళి."

"దాయెంగ్!" అంది తెన్రి. "ఎక్కడున్నావు?"

"మసీదు వెనక కాఫీకొట్టులో. పొద్దున్నే దిగాను. మూడు కాఫీలయ్యాయి. మీ వంట వాసన ఇక్కడిదాకా వస్తోంది. ఉప్పు తక్కువయినట్టుంది."

తెన్రి నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలియలేదు. "అయితే అక్కడ కూర్చున్నావేం? రా! ఇప్పుడే రా. సాయంత్రం గోరింటాకు నువ్వే ముందు పెట్టాలి."

"రావాలనే వచ్చాను. సందు మొగదాకా వచ్చి కాళ్ళు రాలేదు." ఉపే గొంతులో నవ్వు పోయింది. "నీమీద నాకేం లేదు చెల్లీ. నువ్వు గంట చెప్పే ఉంటావు. నాకు తెలుసు, ఊరందరికీ గంటలు చెప్పేదానివి, నువ్వు పొరపాటు పడవు. ఆ రోజు దిగగానే అమ్మ ఫోన్‌కి చేశాను. అత్త ఎత్తింది. 'అయిపోయింది నాయనా, నీకోసం ఆగొద్దని నేనే అన్నాను, దూరాన ఉన్నవాళ్ళకోసం మట్టి ఆగదు' అంది. తన నోటితో అంది. పెద్దది కదాని ఆ రోజు ఏమీ అనకుండా పోయాను. కానీ ఆవిడ కూర్చున్న ఇంట్లో నేను కూర్చోలేను. ఆవిణ్ణి పంపించెయ్యి. ఆవిడ ఆ గుమ్మం దిగితే నేను ఎక్కుతాను, రేపు నా చేత్తో నీ చెయ్యి ఇస్తాను. లేదంటే సాయంత్రం విమానం ఉంది."

ఆగొద్దని ఆ రోజు అత్త అనలేదు. తెన్రికి ఇప్పటికీ గుర్తుంది. కొడుకు వస్తున్నాడు, ఆగుదాం, ఆగుదాం అని పెద్దల కాళ్ళావేళ్ళా పడ్డది అత్త ఒక్కతే. పన్నెండున్నర అయితే లాభం లేదని వాళ్ళే ఆవిడ నోరు మూయించారు. పదకొండున్నరకి ఉపే ఫోన్ వచ్చినప్పుడు ఆవిడకి సంగతి అర్థమై ఉంటుంది. పిల్ల గంట తప్పు చెప్పిందని అప్పుడే తెలిసి, ఆ తప్పు తనమీద వేసుకుని ఉంటుంది. నువ్వుగింజ నానదన్న ఆ నోట్లో ఈ మాట మూడేళ్ళు నానింది.

తెన్రి తలెత్తి చూసింది. బెచ్చె అత్త అప్పటికే లేచి నిలబడింది. కట్టిన పొట్లాలు పళ్ళెంలో సర్దింది, ఆకు ముక్కలు ఒళ్ళోంచి దులుపుకుంది, గోడకున్న కొక్కేనికి తగిలించిన తన ముసుగు గుడ్డ తీసి తలమీద వేసుకుంది. ఎక్కడికో పక్కింటికి పోయి వచ్చే మనిషిలా చెప్పులకోసం చూస్తోంది. తెన్రి పెదవులు కదలడం గమనించి, ఒక్కసారి వెనక్కి తిరిగి, కళ్ళెర్రజేసి, తన నోటిమీద వేలు పెట్టుకుంది.

చెప్పకు, అని.

ఖాజీ ఇద్దరినీ చూశాడు.

"ఏం తెన్రీ, మాట్లాడవేం?" అంది ఫోన్. "ఆ రోజు ఆగొద్దన్నది అత్తేగా?"